పోలిష్ నవలలో మా తాత మేక

మిషిగన్‌లోని ఈ ట్రాయ్ ఊళ్ళో నా ఫోన్ నంబరు లేని తెలుగిల్లు ఉందంటే ఆ ఇల్లు ఇంకా కట్టలేదన్నమాట. ఎయిర్‌పోర్టుకి దింపాలన్నా, అమ్మానాన్నల్ని గుడికో డాక్టర్ దగ్గరికో తీసుకెళ్ళాలన్నా, బర్త్‌డేకి బిర్యానీ ట్రేలు మోయాలన్నా ఈ తేజేశ్వర్ కారే రావాలి. నేను డెట్రాయిట్‌కి ఎమ్మెస్ చదవడానికొచ్చి మధ్యలో మానేశాను. నేను పోయిన బెంగతో ఆ కాలేజీ ఇప్పటికీ కోలుకోలేదని వినికిడి. మానేసినవాడికి గ్రీన్‌కార్డు ఎలా వచ్చిందంటారా, అది వేరే నవల. ఇప్పుడు చెప్పేది బ్రహ్మయ్యగారి నవల సంగతి.

బ్రహ్మయ్యగారు ఒంగోలు జిల్లా కోర్టులో ముప్పై ఏళ్ళకు పైగా తర్జుమా పని చేసి రిటైరైన మనిషి. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో పెట్టడం, పెట్టింది మళ్ళీ తెలుగులో సాక్షికి చదివి వినిపించడం, సాక్షి తలూపాక కింద "చదివి వినిపించగా సరియని ఒప్పుకోవడమైనది" అని రాయడం. అంతే ఆయన ఉద్యోగం. మాట కలపకూడదు, మాట తగ్గకూడదు. సాక్షి "వాడి తాడు తెగ" అంటే "అతని తాడు తెగుగాక" అనే ఇంగ్లీషులో రాసి, ఇదేం భాషయ్యా అని జడ్జిగారు కోప్పడితే, "సాక్షి భాషండీ" అన్నాడట. ఇది ఆయనే చెప్పాడు కాబట్టి నిజం. నేను చెప్పినట్టయితే మీరు కొంచెం తగ్గించి తీసుకోవచ్చు.

భార్య పోయాక కూతురు గిరిజ దగ్గరికి వచ్చేశాడు. గిరిజ కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేస్తుంది. ఉద్యోగం వదిలినా కోర్టు ఆయన్ని వదల్లేదు. "రేపు పొద్దున వస్తా బాబాయ్" అని నేనంటే, ఫోన్ పెట్టెయ్యడు. "రేపు పొద్దున వస్తానని చెప్పావు. సరేనా?" అంటాడు. నేను "సరే" అన్నాకే పెడతాడు. ఊళ్ళో అందరూ దీన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. అందరికంటే బాగా నేనే అనుకరిస్తాను.

ఒకసారి కార్లోంచే ఆర్డరిచ్చే బర్గర్ షాపుకి తీసుకెళ్ళాను. మేం చెప్పింది విని, లోపలి పిల్ల మైకులో మొత్తం తిరిగి చదివి, "కరెక్టేనా?" అని అడిగింది. బ్రహ్మయ్యగారు సీటుబెల్టుతోనే సగం లేచాడు.

"ఒరేయ్ తేజా, విన్నావా? చదివి వినిపించి ఒప్పిస్తందిరా! బంగాళదుంప ముక్కలక్కూడానా!"

అప్పుడే ఈ దేశం ఆయనకి నచ్చింది.

పక్కింట్లో వాండా ఉండేది. ఎనభైకి దగ్గర పడ్డ పోలిష్ ఆవిడ, ఒంటరిది. వాళ్ళ నాన్న పోలండ్ నుంచి వచ్చి డెట్రాయిట్ పక్కనే హామ్‌ట్రామిక్‌లో ఉంటూ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. కంచె దగ్గర టమాటాలు ఇచ్చిపుచ్చుకోవడంతో మొదలై, ఒకరోజు ఆవిడ ఇంట్లోని పాత పుస్తకం దాకా వచ్చింది మాట. తోలు అట్ట, పసుపు కాగితాలు. రెండువందల యాభై ఏళ్ళ నాటి నవల, ఇది తర్వాతెప్పుడో అచ్చయిన ప్రతి అని చెప్పింది. పోలిష్ భాషలో నవల అనేది అప్పుడప్పుడే పుడుతున్న రోజులవి. పెద్దలు చెప్పారని కాక బుద్ధికి తోచిందే వినాలని అక్కడి చదువుకున్నవాళ్ళు వాదిస్తున్న కాలం. ఒక జమీందారు కొడుకూ, గడియారాలు బాగుచేసే ముసలాయనా గుర్రబ్బండిలో బయల్దేరతారు. మనుషులు తగాదా పడని ఊరెక్కడైనా ఉందా అని వెతకడానికి.

"కోర్టులేని ఊరన్నమాట," అన్నాడు బ్రహ్మయ్యగారు. ఆయన కళ్ళు మెరవడం గిరిజ చూసిందట. "మేడమ్, మీకు పోలిష్ చదవడం వచ్చునా?"

"వచ్చు," అంది వాండా.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. వాండా మాటలన్నీ ఇంగ్లీషువే. బ్రహ్మయ్యగారి పద్ధతిలో, కలపకుండా తగ్గించకుండా తెలుగులో పెడుతున్నాను. ఈసారికి నమ్మండి.

మర్నాటినుంచే పని మొదలైంది. మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో బల్ల దగ్గర ఇద్దరూ కూర్చునేవాళ్ళు. వాండా పుస్తకం మీద వేలు పెట్టి ఇంగ్లీషులో చెప్పేది. బ్రహ్మయ్యగారు తెలుగులో రాసేవాడు. లేచేముందు ఆరోజు రాసిందంతా తిరిగి ఇంగ్లీషులో చదివి వినిపించేవాడు. "కరెక్ట్," అనేది వాండా. అప్పుడు పేజీ కింద పొడి అక్షరాలు వేసేవాడు.

"నాన్నా, ఫోన్‌తో ఫొటో తీస్తే అదే ట్రాన్స్‌లేట్ చేసేస్తుంది కదా," అని గిరిజ మొదట్లోనే అన్నది.

"సాక్షి ఎదురుగా కూర్చోనుంటే ఫోన్‌ని అడుగుతామా అమ్మా? అవమానం కాదూ?" అన్నాడు.

ఆయన పట్టుదల వెనక ఒక ఆశ ఉంది, నాకొక్కడికే కార్లో చెప్పాడు. సర్వీసంతా పరాయివాళ్ళ మాటలే రాశాడు. దొంగలవీ, దొంగసాక్షులవీ. తన పేరు ఏనాడూ కాగితం మూలన రెండు అక్షరాలు దాటలేదు. "ఒక్క పుస్తకం అట్ట మీద 'అనువాదం: బ్రహ్మయ్య' అని నిండుగా చూసుకోవాల్రా అబ్బాయ్. అంతకన్నా ఏం లేదు." మా తెలుగు సంఘం ప్రెసిడెంటు రవిశంకర్ గారు ఉగాది సభలో పుస్తకం విడుదల చేద్దామన్నాడు. పోలిష్ నుంచి సరాసరి తెలుగులోకి, మన ట్రాయ్ నుంచి, అని ఫేస్‌బుక్‌లో వేశాడు కూడా. గిరిజ ఆఫీసువాళ్ళంతా లైక్ కొట్టారు.

ఏడాది గడిచింది. ఉగాది దగ్గరికొస్తుండగా ఒకరోజు కంటి డాక్టర్ దగ్గర్నుంచి ఆయన్ని తీసుకొస్తున్నాను. మనిషి ఉబ్బి తబ్బిబ్బవుతున్నాడు.

"ఒరేయ్, మీ తాత గొప్పోడురా!"

"అది నేను ఎప్పట్నుంచో చెప్తలేనా బాబాయ్."

"ఆ మేక తీర్పు చెప్పావు చూడు, అచ్చం అట్టాంటిదే ఉందిరా నవల్లో! నిన్ననే వచ్చింది ఆ ఘట్టం."

ముందు నా మేక సంగతి చెప్పాలి. మా తాత ఊరి పెద్దమనిషి. ఒక మేక నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుంటూ వస్తే, మేకని వదలండి, ఏ ఇంటికి పోతే ఆ ఇంటిదే అన్నాడు. మేక పోతూ పోతూ మా తాత తలపాగా అంచు నమిలి, ఆ ఇద్దరి ఇళ్ళూ దాటి, మూడో ఇంటికి పోయి పడుకుంది. తీరా చూస్తే ఇద్దరూ దాన్ని ఆ మూడోవాడి దగ్గర దొంగిలించినవాళ్ళే. ఈ కథ నేను ఎక్కడ చెప్పినా చప్పట్లే. బ్రహ్మయ్యగారు విన్నప్పుడు నవ్వలేదు, "ఎంత న్యాయం!" అన్నాడు. తర్వాత వాండాకి చెప్పానని కూడా అన్నాడు.

"నవల్లో కూడా మేకనేనా బాబాయ్?"

"మేకే. ఇద్దరు వాదులు. అక్కడ న్యాయాధికారి విగ్గు నమిలి, మూడో ఇంటికి పోయింది. చూశావా, సముద్రాలవతల, రెండువందల యాభై ఏళ్ళ నాడు! మనుషులెక్కడైనా ఒకటేరా. ముందుమాటలో ఇదే రాస్తన్నా. మీ తాత పేరు కూడా వేస్తా. ఏం పేరు?"

కారు పక్కకి తీసి ఆపాను. ఇప్పుడొక మాట. మా తాత సూర్యాపేట డిపోలో ఆర్టీసీ కండక్టర్. మేకకి టికెట్ కొట్టడం తప్ప మేకతో ఆయనకి ఏ వ్యవహారమూ లేదు. తలపాగా అసలే లేదు, ఖాకీ టోపీ. ఆ మేక నాది. నేనే పుట్టించాను, నేనే పెంచాను, తలపాగా నమలడం కూడా నేనే నేర్పాను. నా అబద్ధం ఇంత దూరం పోయినందుకు ఛాతీ ఉబ్బాలి నిజానికి. కానీ పక్క సీట్లో ఆయన పెన్ను తీసి తాత పేరు కోసం ఎదురుచూస్తున్నాడు.

"బాబాయ్, ఆ మేక లేదు."

"అంటే?"

"నేను కల్పించిన. మా తాత కండక్టర్. నిజం జెప్తున్న."

బ్రహ్మయ్యగారు నావైపు తిరిగి నవ్వాడు. "ఏరా, ఊరంతా నిన్ను కోతలరాయుడంటారు. నువ్వు చెప్పేదేందంటే, నువ్వు అబద్ధం చెప్పావని. అది నేను నమ్మాలి. కోతలరాయుడి మాట నమ్మితే ఆ మాట ప్రకారమే నువ్వు కోతలరాయుడివి. ఏ కోర్టు ఒప్పుకుంటదిరా దీన్ని?"

"కోర్టు గీర్టు లేదు బాబాయ్. నేను పుట్టించిన మేక పోలండ్‌కి ఎట్ల పోతది? నా నోట్లకెల్లి నీ చెవులకి, నీ నోట్లకెల్లి వాండా చెవులకి. ఆడికెల్లి పుస్తకంలకి ఎక్కింది."

"ఆమె చదువుతా చెప్పింది."

"చదువుతా చెప్పిందో, చెప్తా వేలు కదిపిందో?"

ఆయన పెన్ను జేబులో పెట్టేశాడు. ఇల్లొచ్చినా దిగలేదు. ముందు అద్దంలోంచి వాండా ఇంటివైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఊళ్ళో పెళ్ళి భోజనంలో అరిటాకుల గురించి చెప్పా," అన్నాడు మెల్లగా. "తర్వాత వారం నవల్లో ఆకుల మీద అన్నం తినేవాళ్ళొచ్చారు. పోలండ్‌లో ఆకులేందా అనుకున్నా. క్యాబేజీ ఆకులంది." సీటుబెల్టు విప్పుతూ, "కరెక్టంది," అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "ఇవాళ మధ్యాహ్నం నువ్వు నాతో వాండా ఇంటికి రావాలి. సాక్షిగా. వస్తానని చెప్పావు, సరేనా?" నేనింకా ఏమీ చెప్పలేదు. "సరే," అన్నాను.

వాండా నన్ను చూసి సంబరపడింది. అది పుంచ్‌కీల కాలం. జామ్ నింపి వేయించిన లావుపాటి డోనట్ల కోసం మా మిషిగన్‌లో జనం మంచులో బారులు తీరే కాలం. బల్ల మీద పెట్టెడు పెట్టి, "తిను, నువ్వు సన్నగా ఉన్నావు," అంది. నన్ను సన్నగా ఉన్నావన్న మనిషి మీద నాకు కోపం రావడం కష్టం.

బ్రహ్మయ్యగారు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ముందు నవల కాగితాలు బల్ల మీద పెట్టి, పైన విడిగా ఒక కాగితం పెట్టాడు. పొద్దున కూర్చుని అది తనే కల్పించి రాశాడు. బతుకులో మొదటిసారి. అంత కష్టపడి ఆయన కల్పించిందేమిటో వినండి.

"మేడమ్, మొన్నటి మేక ఘట్టం ఒకసారి చదువుతాను. సరిచూసుకోవాలి." గొంతు సవరించుకున్నాడు. "'న్యాయాధికారి మేకను పిలవమన్నాడు. మేక హాజరు కాలేదు. వాదులిద్దరూ గడువు కోరారు. వ్యవహారం వాయిదా పడింది.'"

నాకు నవ్వు ముంచుకొచ్చి పుంచ్‌కీ నోట్లో కుక్కుకున్నాను. జీవితంలో ఒకే ఒక్క అబద్ధం రాసే అవకాశమొస్తే ఆ మనిషి వాయిదా వేశాడు.

వాండా కాఫీ కప్పు దించింది. "కరెక్ట్," అంది.

బ్రహ్మయ్యగారు పుస్తకాన్ని మెల్లగా ఆవిడ ముందుకి తిప్పాడు.

"ఇందులో మేక అన్న మాట ఏదో చూపిస్తారా?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. వేలు ఒక వరుస మీద పెట్టింది. జరిపింది. ఇంకో వరుస. పేజీ తిప్పింది.

"ఇది... చాలా పాత పోలిష్, మిస్టర్ బి."

"మొదటి పేజీలో గడియారం అన్న మాట చూపించినా చాలు."

వేలు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి పుస్తకం మీదే పెట్టింది.

"నాకు చదవడం రాదు," అంది. "మా నాన్న చదివేవాడు. బండి బయల్దేరడం, చక్రం విరగడం, అంతవరకు గుర్తుంది. నాకు ఆరేళ్ళప్పుడు పోయాడు. మా అమ్మ ఇంట్లో పోలిష్ మాట్లాడనివ్వలేదు. బళ్ళో నవ్వుతారని. చర్చిలో నలుగురూ పాడుతుంటే నేను పెదాలు కదిపేదాన్ని. ఆరోజు మీరు కంచె దగ్గర అడిగారు. పోలిష్‌దాన్ని, ఎలా రాదంటాను?"

"మర్నాడు అనొచ్చు."

"మర్నాడు మీరు కొత్త పెన్ను కొనుక్కొచ్చారు."

బ్రహ్మయ్యగారు తన చేతిలోని పెన్ను వంక చూసుకున్నాడు. అదే పెన్ను.

"రోజూ చదివి వినిపించాను మీకు," అన్నాడు. "రోజూ కరెక్ట్ అన్నారు."

"కరెక్టే కదా! నేను చెప్పింది చెప్పినట్టు రాశారు. ఒక్క మాట పోలేదు. అందుకే అన్నాను."

నేను తల పైకెత్తాను. కోర్టు లెక్కన ఆవిడ మాటలో తప్పు లేదు. సాక్షి ఒప్పుకునేది తను చెప్పింది ఇదేనని, చెప్పింది నిజమని కాదు. అలాంటి దొంగ వాంగ్మూలాలు ఎన్నింటి కింద బ్రహ్మయ్యగారు ఆ వాక్యం రాసుంటాడో. ఆయనకీ అది తట్టినట్టుంది. మొహంలో ఏదో ఊరట కనిపించి, వెంటనే పోయింది.

"ఇవాళ చదివింది మీరు చెప్పలేదు మేడమ్. నేను రాశాను. దానికీ కరెక్టన్నారు."

వాండా పుంచ్‌కీల పెట్టె మూత మూసింది, మళ్ళీ తెరిచింది. ఆయన కాగితాలు సర్ది, కోటు వేసుకుని, బయటికి నడిచాడు. నేను వెనకే. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు.

"నువ్వూ అంతే. మేక నిజమని చెప్పావు నాకు."

"బాబాయ్, నేను ఎవరికైనా అట్లనే చెప్త. అందరికీ ఎరుకనే."

"నాకు ఎరుక లేదు," అన్నాడు. నా యాసలోనే అన్నాడు. అనుకరించడానికి కాదు.

మర్నాడు గుడికి తీసుకెళ్తుంటే కార్లోనే రవిశంకర్ గారికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను.

"ఉగాదికి ఆ పుస్తకం వద్దు బాబూ. అది అనువాదం కాదు."

మొత్తం విన్నాక రవిశంకర్ గారు గట్టిగా నవ్వాడు. "ఇంతేనా సార్! నేనింకా కాపీరైట్ ప్రాబ్లం ఏమో అనుకున్నా. ప్రింటింగ్‌కి ఇచ్చేశాం. మన ఉగాదికి పోలిష్ వచ్చినోడు ఎవడొస్తాడు చెప్పండి? ఎవరికి తెలుస్తుంది?"

"మా కోర్టులో," అన్నాడు బ్రహ్మయ్యగారు, "సాక్షికి ఇంగ్లీషు వచ్చేది కాదు. కొందరు జడ్జిగార్లకి మా పల్లె తెలుగు వచ్చేది కాదు. రెండూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరికి తెలుస్తుందని ఒక్కరోజు అనుకున్నా ఎవడో ఒకడు జైలుకి పోయేవాడు."

"ఇక్కడ జైలేముంది సార్! కథ బాగుంది కదా. పిల్లలు డాన్స్ డ్రామా కూడా వేద్దామంటున్నారు, మేక వేషానికి మా అబ్బాయి మానవ్ రెడీ. పేరు మీదే సార్, అట్ట మీద నిండుగా..."

"ఆపెయ్యరా తేజా," అన్నాడు. ఫోన్‌నో కారునో నాకు తెలియలేదు. రెండూ ఆపేశాను.

నేనొక మాట అన్నాను. "బాబాయ్, 'రచన: వాండా' అని వేసి కింద నీ పేరు వేస్తే? అది అబద్ధం కాదు గదా. నిజంగ మంచి నవల. నాకంటే బాగ కోస్తది ఆమె." మామూలుగా నాకంటే బాగా కోసేవాళ్ళు ఉన్నారని నేనొప్పుకోను.

తల అడ్డంగా ఊపాడు. "నేను పక్కన కూర్చుని ఆ పోలండోడు ఎవరో అనుకుంటా ఏడాది రాశానురా. వాడికి దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి రోజూ. వాడు లేడుగా ఆ బల్ల దగ్గర." అసలు పుస్తకాన్ని ఫోన్‌లో పెట్టి చూద్దామని గిరిజ కూడా అడిగింది. దానికీ వద్దన్నాడు. ఆ కథ మీద తనకిప్పుడు మనసు లేదన్నాడు.

ఆ వారాంతం కాగితాల కట్ట నాకిచ్చాడు. దారంతో కుట్టి, కోర్టు ఫైలులాగా చేశాడు. "ఆవిడకిచ్చెయ్. ఆవిడ సొత్తు." పక్కిల్లే. పది అడుగులు లేవు. ఆయన వెళ్ళలేదు.

వాండా తలుపు తీసి ముందు నా వెనక చూసింది. "ఆయన?"

"రాలేదు."

కట్ట తీసుకుంది. మన అక్షరాల మీద చెయ్యి ఆనించి ఒక్కో పేజీ తిప్పింది. చివరి పేజీ అడుగున వేరే సిరాతో ఒక్క వాక్యం ఉంది, కింద పొడి అక్షరాలు కాదు, పేరు మొత్తం ఉంది. "ఇదేం రాశాడు?" అని అడిగింది.

నేను దారిలోనే ఆ వాక్యం చదివాను. ఈ ప్రశ్న వస్తుందని తెలిసి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. కృతజ్ఞతలు అని రాశాడు అనొచ్చు. సమాప్తం అనొచ్చు. నా నోటికి కొరతా? నా జీవితంలో అంత తేలికైన అబద్ధం ఇంకోటి అడిగినవాళ్ళు లేరు. ఆవిడ కళ్ళజోడు లేకుండా నావంక చూస్తోంది.

"'చదివి వినిపించగా అబద్ధమని ఒప్పుకోవడమైనది,'" అన్నాను. "కింద బ్రహ్మయ్య అని ఉంది."

ఆవిడ కట్ట మూసింది. "కరెక్ట్," అంది.

లోపలికెళ్ళి అరలో వాళ్ళ నాన్న పుస్తకం పక్కన పెట్టింది. ఆ అరలో ఇప్పుడు ఆవిడ చదవలేనివి రెండున్నాయి.

ఇవతలికొచ్చేసరికి బ్రహ్మయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏమంది?"

"కరెక్ట్ అన్నది బాబాయ్."

ఆయన దాన్ని నాకు తిరిగి చెప్తాడని, "సరేనా" అంటాడని, నేను "సరే" అనాలని నిలబడ్డాను. అలవాటు. ఆయన ఏమీ అనకుండా తలుపేసుకున్నాడు.